పిట్ట కొంచెం, ప్రాజెక్టు ఘనం

లెక్క ముందే చెప్పేస్తాను. తర్వాత దాచిపెట్టానని అనొద్దు.

ఆడ కౌజులు పదకొండు. ఒంట్లో బాగుండి, మనసు బాగుండి, గదిలో ఏసీ కూడా బాగుంటే రోజుకు ఎనిమిది గుడ్లు. ఒక్కో గుడ్డు 10 గ్రాములు, మహా అయితే 11. ఎనిమిదీ కలిపి తక్కెట్లో పెడితే ఒకటిన్నర కోడిగుడ్డు తూగుతాయి. ఈ ఒకటిన్నర కోడిగుడ్డు కోసం దోహాలో ఒక విల్లా వెనక గదిలో ఐదుగురు మగాళ్ళం నాలుగు నెలలు నిద్రకు నీళ్ళొదులుకున్నాం. నేను కంపెనీలో టైమ్ కీపర్‌ని. పక్కవాడి గంటలు లెక్కపెట్టడం నా ఉద్యోగం, మా గంటలు ఎటు పోయాయో లెక్కపెట్టడం నా రోగం.

దీని మూలపురుషుడు మా జగిత్యాల అన్న. స్టీల్ ఫిక్సర్. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో కడ్డీలు కట్టాడు. ఊళ్ళో ఇల్లు కట్టాడు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, ఇంకా అప్పు కడుతూనే ఉన్నాడు. ఆయన బుర్రలో పురుగు దొలిచింది మాత్రం 2017లో. ఆ ఏడాది జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. ఈ దేశానికి ఉన్న ఒక్కగానొక్క భూసరిహద్దు అబూ సమ్రా దగ్గర గేటు పడింది. దేశం తినే తిండిలో 40 శాతం దాకా ఆ దారినే వచ్చేది. ఆ రాత్రి జనమంతా దుకాణాల మీద పడ్డారు. మేమూ పరిగెత్తాం. మాకు దక్కింది రెండు పెరుగు డబ్బాలు, ఒక వెనిగర్ సీసా. వెనిగర్ ఎందుకు కొన్నామో ఈ రోజుకీ ఎవరికీ తెలీదు.

నెల తిరిగేసరికి బలద్నా అనే కంపెనీ బుడాపెస్ట్ నుంచి 165 హోల్‌స్టీన్ ఆవుల్ని ఖతార్ ఎయిర్‌వేస్ కార్గో విమానంలో తెచ్చి ఎడారిలో దించింది. ఆవు విమానం దిగుతున్న ఫోటో మా అన్న ఫోన్‌లో ఇంకా ఉంది. మేమందరం ఏజెంటుకు అప్పు చేసి కట్టి, రెండు చోట్ల దిగి ఎక్కి, చివరికి ఎయిర్‌పోర్టులో కంపెనీ మనిషి కోసం ఆరు గంటలు నేల మీద కూర్చుని ఈ దేశంలో అడుగుపెట్టినవాళ్ళం. ఆవు నేరుగా దిగింది, చల్లబరిచిన షెడ్డుకు వెళ్ళింది, రెండున్నరేళ్ళలో దాని కంపెనీ ఖతార్ స్టాక్ ఎక్స్ఛేంజీలోకీ వెళ్ళింది. అన్న ఆ ఫోటో వంక చూసి అన్న మాట మా గదిలో శాసనంగా మిగిలిపోయింది: "గొప్పోళ్ళు ఆవును ఎగరేసిన్రు. మనం పిట్టనన్న ఎగరేయకపోతె ఎట్లరా?"

కౌజు గుడ్డు 17, 18 రోజుల్లో పిల్ల అవుతుంది. అన్న ఆలోచన పిల్ల కావడానికి ఐదున్నరేళ్ళు పట్టింది. 2022 డిసెంబరు 18న ప్రపంచకప్ ఫైనల్ ముగిసింది. దానితోపాటు ఓవర్‌టైమూ ముగిసింది. ఇక మిగిలింది చట్టం చెప్పిన జీతం: 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న కనీస వేతనం 1,000 రియాళ్ళు, కంపెనీ గది ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300. తిండికి 300 అంటే రోజుకు 10 రియాళ్ళు. ఆ పదిలో ఖుబ్బూస్, పప్పు, కరక్ చాయ్, శుక్రవారం కోడి. అన్న ఈ పది రియాళ్ళ మీద దాడి మొదలుపెట్టాడు. "గుడ్డు మనదే, మాంసం మనదే. బకాలా దుకాణపోనికి రూపాయి కట్టేదుండదు."

ఫోన్‌లో ఒక గురువు దొరికాడు. ఎర్ర టీ షర్టు, వెనక పంజరాల వరస, నోట్లో ఎప్పుడూ ఒక అంకె. ఒక కోడి పట్టే చోట ఎనిమిది నుంచి పది కౌజులు పడతాయంటాడు. ఆరేడు వారాలకే గుడ్డు పెడుతుందంటాడు, ఏడాదికి 250 నుంచి 300 గుడ్లంటాడు. ఇవన్నీ నిజాలే. గురువుల దగ్గర ఉండే చిక్కే అది, అబద్ధం ఎప్పుడూ మొదట్లో చెప్పరు. నాలుగో నిజం తర్వాత, మనం తల ఊపడం అలవాటయ్యాక చెబుతారు: కౌజు గుడ్డుకు సుగర్ పోతుంది, బీపీ పోతుంది, ఆస్తమా పోతుంది, మగతనం వస్తుంది, కొలెస్ట్రాల్ అసలు ఉండదు. మా రాయచోటి భాయ్‌కి సుగరుంది. ఆయన ఆ రాత్రే పార్ట్‌నర్ అయ్యాడు. గ్రాముకు గ్రాము తూచి చూస్తే కౌజు గుడ్డులో కొలెస్ట్రాల్ కోడిగుడ్డు కన్నా తక్కువేమీ కాదని నేను చెబితే, "నువ్వు మా హాజరు రాసుకో చాలు" అన్నాడు.

భాయ్ పార్ట్‌నర్‌షిప్‌కు దైవబలం కూడా చేర్చాడు. మేం రోజూ కంపెనీ బస్సులో పోయే సల్వా రోడ్డు ఆ అబూ సమ్రా సరిహద్దుకే పోతుంది, అవతల ఉన్న సౌదీ ఊరి పేరు సల్వా. ఖురాన్‌లో మన్న, సల్వా అని వస్తుంది, ఆ సల్వా అంటే కౌజు పిట్టే అన్నాడు. "చూసినావా, మనం రోజూ పోయేదే కౌజు రోడ్డు!" రోడ్డుకు ఆ పేరు ఊరిని బట్టి వచ్చింది గానీ పిట్టను బట్టి రాలేదని చెప్పి ఆయన భక్తిని పాడుచేయలేదు. అయితే కథ సగంలో ఆపాడని మా అమలాపురం తమ్ముడు పట్టుకున్నాడు. వాడు ఆదివారం బడిలో చదువుకున్నవాడు. కౌజులు దిగివచ్చిన కథ బైబిల్లోనూ ఉంది. సంఖ్యాకాండంలో జనం మాంసం మాంసమని ఏడిస్తే, నెల రోజులు ముక్కుల్లోంచి వచ్చేదాకా తింటారని దేవుడు కోపంగా పంపిస్తాడు. అప్పుడు భాయ్ తగ్గి, ఖురాన్‌లో కూడా ఆ జనం కొన్నాళ్ళకు విసిగిపోయి పప్పు, ఉల్లిపాయ కావాలని మూసా ప్రవక్తను అడుగుతారని ఒప్పుకున్నాడు. ఆకాశం నుంచి ఉచితంగా వచ్చినప్పుడే మొహం మొత్తిన పిట్టను మేం డబ్బులిచ్చి తెచ్చుకోబోతున్నామన్నమాట.

2023 రంజాన్ పండగ సెలవుల్లో సూక్ వాఖిఫ్‌కు వెళ్ళాం. అక్కడ పక్షుల అంగడిలో పావురాలు, చిలకలు, కుందేళ్ళు, పంజరం మీద పంజరం, ఈకల దుమ్ము. అదే సూక్‌లో డేగల అంగడి కూడా ఉంది, అక్కడ వాసన మారిపోతుంది. డేగలు దిమ్మల మీద వరసగా, కళ్ళకు తోలు టోపీలు, పట్టుచొక్కా మీటింగులో పెద్దమనుషుల్లా కూర్చుని ఉంటాయి. డేగకు ఈ ఎడారి దేశాల్లో పాస్‌పోర్టు ఉంది. సూక్‌లోనే దానికి సొంత ఆసుపత్రి ఉంది. ఖతార్ ఎయిర్‌వేస్ ఎకానమీ క్లాసులో యజమాని పక్కన కూర్చుని ప్రయాణం చేస్తుంది. పాస్‌పోర్టు కార్మికుడి దగ్గరే ఉండాలని ఇక్కడి చట్టం కూడా చెబుతుంది, కానీ ఆ రోజు డేగల ముందు నిలబడ్డ మా ఐదుగురిలో ఇద్దరి పాస్‌పోర్టులు కంపెనీ ఇనప్పెట్టెలో ఉన్నాయి. ఆ డేగ రోజూ తినేది ఏమిటని అన్న అడిగాడు. అమ్మేవాడు మా చేతిలో ఉన్న అట్టపెట్టె వైపు వేలు చూపించాడు. కౌజు. ప్రాజెక్టు అక్కడే అర్థమై ఉండాల్సింది.

ఆ పెట్టెలో రెండు వారాల పిల్లలు ఇరవై. అమ్మినవాడు "సబ్ మాదా హై భాయ్" అన్నాడు, అన్నీ ఆడవేనట. మూడో వారంలో రొమ్ము ఈకలు వస్తే తెలిసిపోతుంది: ఆడదానికి చుక్కలుంటాయి, మగదానికి ఇటుక రంగు. మా పంజరంలో తొమ్మిది ఇటుకలు లేచాయి. గుడ్లు పెట్టని తొమ్మిది పిట్టలు, మేతలో మాత్రం సమాన భాగస్వాములు. వీసా తీసేటప్పుడు సూపర్‌వైజర్ అని చెప్పి దిగాక పార చేతికిచ్చిన ఏజెంటును నమ్మి వచ్చినవాళ్ళం కాబట్టి మాకు ఇదేం కొత్తగా అనిపించలేదు.

పంజరం ఎక్కడ పెట్టాలన్నది పెద్ద తగువు. కార్మికుడికి గదిలో 6 చదరపు మీటర్లు తగ్గకుండా ఉండాలని, గదికి నలుగురికి మించకూడదని, మంచం మీద మంచం వేయకూడదని 2014లో ఇక్కడ నిబంధన పెట్టారు. మా గదిలో ఐదుగురం, రెండంతస్తుల మంచాలు రెండు, నేల మీద ఒక పరుపు. అసలు కుటుంబాలుండే చోట కార్మికుల గుంపులు కాపురం ఉండకూడదని 2010 నాటి చట్టం చెబుతుంది, 2019లో దాన్ని ఇంకా బిగించారు. అంటే బలదియా (మునిసిపాలిటీ) వాళ్ళు తలుపు కొడితే మేమే అక్రమ కట్టడాలం, పిట్టల వంతు ఆ తర్వాత. కౌజుకు మాత్రం నిబంధన పక్కాగా అమలైంది. పెద్ద పిట్టకు 150 నుంచి 200 చదరపు సెంటీమీటర్ల చోటు కావాలి, చేతిరుమాలు ఎనిమిది మడతలు పెడితే ఎంతో అంత. అన్న స్కేలు పెట్టి కొలిచి మరీ ఇచ్చాడు. తన మంచానికీ గోడకూ మధ్య ఉన్న సందు ఎప్పుడూ కొలవని మనిషి!

కౌజు బెదిరితే పక్కకు పరిగెత్తదు, నిట్టనిలువుగా రాకెట్టులా లేస్తుంది. పంజరం ఓ మోస్తరు ఎత్తుంటే నెత్తి పైకప్పుకు కొట్టుకుని చితుకుతుంది. అందుకే పైకప్పు జానెడున్నర ఎత్తులో పెడతారు, ఎగరడానికి ఊపు దొరక్కుండా. ఎగరాలన్న కోరిక పుట్టినా దెబ్బ తగలనంత తక్కువ ఎత్తు. ఇంత తెలివైన కప్పును నేను ఇంకోచోట కూడా చూశాను. దాన్ని గ్రేడ్-4 జీతం అంటారు.

ఇక వెలుగు. పిట్ట గుడ్లు మానకుండా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటలు వెలుతురుండాలి. కార్మిక చట్టంలో మనిషికి ఎనిమిది గంటలు పని, పైన రెండు ఓవర్‌టైమ్. పిట్టకు పదహారు. దాంతో గదిలో ట్యూబులైటు తెల్లవారుజామున నాలుగింటికి వెలిగి రాత్రి ఎనిమిదికి ఆరేది. అమలాపురం తమ్ముడిది నైట్ డ్యూటీ, పగలు పడుకునేవాడు. మొహానికి లుంగీ కప్పుకుని, ఆ వెలుతురులో గర్భంలో బిడ్డలా ముడుచుకుని పడుకుని ఉంటే, పంజరంలో పిట్టలు నిటారుగా నిలబడి వాణ్ణే చూస్తుండేవి. ఎవరు ఎవర్ని పెంచుతున్నారో చెప్పడం కష్టంగా ఉండేది.

పిట్ట కొంచెం కూత ఘనం అన్న పెద్దలు మగ కౌజుతో ఒకే గదిలో పడుకుని ఉండాలి. తొమ్మిది మగవాటికి తొమ్మిది అలారాలు. గొంతులో ఏదో చిరిగినట్టు, మూడు ముక్కలుగా, లైటు వెలగగానే మొదలు. జపాన్‌లో పూర్వం వీటిని గుడ్ల కోసం కాక కూత కోసం పెంచేవాళ్ళు, పోటీలు కూడా పెట్టేవాళ్ళు. ఆ పోటీ న్యాయనిర్ణేతలు మా విల్లాకు వచ్చి ఉంటే బంగారు పతకాలిచ్చి, చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. మా విల్లాకు నాతూర్ ఒకాయన ఉన్నాడు, కాపలా మనిషి. గేటు దగ్గర నిలబడి "క్యా ఆవాజ్ హై?" అని అడిగాడు. "కొత్త రింగ్‌టోన్" అన్నాడు అన్న. తొమ్మిదిమంది ఫోన్లా అని అడగలేదు పాపం.

జూన్ రెండో వారంలో మొదటి గుడ్డు. మచ్చలు మచ్చలుగా, బఠాణీ గింజకు పెద్దన్నలా. అన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని జగిత్యాలకు వీడియో కాల్ చేశాడు. వదిన చూసి, "గింత గుడ్డా? నీ బొటనేలంత లేదు" అంది. శుక్రవారానికి పద్నాలుగు పోగయ్యాయి. మూడు నిమిషాలు ఉడకబెట్టాం. ఆ తర్వాత ఒలవడం మొదలైంది. కౌజు గుడ్డు పెంకు కాగితంలా ఉంటుంది, పెంకు కింద పొర మాత్రం తోలులా ఉంటుంది. ఇరవై ఏళ్ళు బైండింగ్ వైరు మెలిపెట్టిన వేళ్ళు అన్నవి, గోళ్ళు అరిగిపోయాయి, చివర్లు పగిలి నల్లగా ఉంటాయి. ఆ వేళ్ళ మధ్య గుడ్డు జారిపోయేది. పెంకుతో పాటు సగం తెల్లసొన ఊడి వచ్చేది. అరగంట కూర్చుని ఒలిచాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చివరికి పద్నాలుగు బిర్యానీలో పడ్డాయి, అందులో ఐదు గుండ్రంగా ఉన్నాయి. నాకు వచ్చిన రెండూ ఒకే ముద్దలో పోయాయి. రుచి బాగానే ఉంది. అబద్ధం ఎందుకు, కోడిగుడ్డులాగే ఉంది.

నేను లెక్క తీశాను. పెద్ద కౌజు రోజుకు 25 గ్రాముల దాకా మేత తింటుంది. ఇరవై పిట్టలకు అరకిలో. అరకిలో మేత వేస్తే ఒకటిన్నర కోడిగుడ్డు. అదే మేతతో నాలుగు గుడ్లకోళ్ళు కడుపునిండా తిని, దాదాపు నాలుగు గుడ్లు పెట్టేవి. మగవాటిని కోసేద్దామన్నాడు భాయ్. తొమ్మిదీ కోశాక, శుభ్రం చేసి తూచాం: 900 గ్రాములు. బ్రెజిల్ నుంచి వచ్చే ఫ్రోజెన్ కోడి ప్యాకెట్ మీద సరిగ్గా అదే అంకె ఉంటుంది. కోడికి ఒక్క ప్రాణం పోతుంది, పంటికింద ఇన్ని ఎముకలూ రావు. కౌజు వేపుడు రుచికరం, నిజమే. హైదరాబాద్ హోటళ్ళలో ప్లేటు ముందు పెట్టుకుని తింటే ఇంకా రుచికరం, ఎందుకంటే అక్కడ దాని ఈకలు మనం పీకం.

లెక్క అన్న ముందు పెడితే ఆయన నవ్వాడు. "గుడ్లు తినుడు మన బిజినెస్ కాదురా. పిల్లలమ్ముడు బిజినెస్." గురువు నాలుగో పాఠానికి వచ్చినట్టున్నాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ మాట మనవాళ్ళకు కొత్త కాదు. ఈము గుర్తుందా? రెండు వేల దశకంలో ఆంధ్రదేశమంతా వెలిసిన ఫారాలు? నూనె అన్నారు, తోలు అన్నారు, ఈక అన్నారు, గోరు కూడా అమ్ముడుపోతుందన్నారు. ఈము జత కొన్న రైతు ఇంకో రైతుకు జత అమ్మాడు, ఆ రైతు ఇంకో రైతును వెతుక్కున్నాడు. ఈము కూర వండుకుని తిన్నవాడు మాత్రం ఊరికొకడు దొరకలేదు. 2012లో తమిళనాడు పెరుందురైలో పెద్ద ఈము కంపెనీ చేతులెత్తేసింది, ఇక్కడా అక్కడా మేత పెట్టలేక పక్షుల్ని వదిలేసినవాళ్ళు వదిలేశారు. కౌజు కథ కూడా ఇదే దారిలో నడిచిన దేశాలున్నాయి. కెన్యాలో 2013 ప్రాంతంలో కౌజు పిచ్చి పట్టింది, 2014కి గుడ్డు కొనేవాడు లేడు. జింబాబ్వేలో 2016లో అదే పిచ్చి, ప్రభుత్వం కంగారుపడి నిషేధం పెట్టి, జనం గోలపెడితే వెనక్కి తీసుకుంది.

ఈముకు కనీసం పెరగడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది, మోసానికి కాస్త వ్యవధి ఉంటుంది. కౌజుకు ఆ మర్యాద కూడా లేదు. 17 రోజులకు పిల్ల, ఆరేడు వారాలకు తల్లి. ఈ రోజు మీ దగ్గర పిల్లలు కొన్నవాడు రెండు నెలల్లో మీ పక్కనే దుకాణం పెడతాడు. గురువు గొప్పగా చెప్పే ఆ వేగమే వ్యాపారం గొంతు పిసుకుతుంది. అందరూ అమ్మేవాళ్ళే అయినప్పుడు కొనేవాడు ఏ గుడ్డులోంచి వస్తాడు? నిజానికి పిట్ట తప్పేమీ లేదు. 1974లో కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజత్‌నగర్‌కు వచ్చింది, హోటళ్ళతో ఒప్పందం, కోల్డ్ స్టోరేజీ, మేత మిల్లు దగ్గర్లో ఉన్నవాళ్ళు దాని మీద బతుకుతున్నారు కూడా. వాళ్ళు వీడియోల్లో కనపడరు, పొద్దున్నే మేత వేసుకోవాలి గనక.

అన్న నా మాట వినలేదు. థర్మాకోల్ పెట్టె, రెండు బల్బులు, ఒక థర్మోస్టాట్ కలిపి ఇంక్యుబేటర్ చేశాడు. పెంపుడు కౌజు పొదగదు, తరతరాల పంజరంలో ఆ సంగతే మరిచిపోయింది. గుడ్డు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా మేత దగ్గరికి పోతుంది. "ఏం తల్లిరా ఇది" అన్నాడు తమ్ముడు. ఎవరూ మాట్లాడలేదు. మా ఐదుగురి పిల్లల్నీ ఊళ్ళో అమ్మమ్మలూ నానమ్మలే పొదుగుతున్నారు. తమ్ముడి ఇంట్లో అయితే తల్లి కూడా కువైట్లో పనిమనిషి, పిల్లాడు తాతతో ఉంటాడు.

పెట్టెలో 37.5 డిగ్రీలు. మగవాటిని కోయకముందు దాచిన అరవై గుడ్లు పెడితే పద్దెనిమిదో రోజున ఇరవైమూడు పగిలాయి. పిల్ల ఏడెనిమిది గ్రాములుంటుంది, బొటనవేలి కణుపంత, చారలతో. నీళ్ళ గిన్నెలో గోళీలు వేయాలి, లేకపోతే తాగడానికి వంగి మునిగి చస్తాయి. 1990లో మీర్ అంతరిక్ష కేంద్రంలో కౌజు పిల్లలు పుట్టాయి, బరువు లేని చోట కాలు ఎక్కడ ఆనించాలో తెలీక గాల్లో తేలాయి, మేత కూడా సరిగ్గా తినలేకపోయాయి. గల్ఫులో దిగిన మొదటి నెల గుర్తొచ్చి నాకు ఆ పిల్లల మీద అభిమానం కలిగింది. మా ఇరవైమూడింటికీ భూమి ఉంది గానీ భవిష్యత్తు లేదు. అన్న అప్పటికే పక్క విల్లాల్లో నాలుగు గదుల నుంచి అడ్వాన్సు తీసుకున్నాడు. ఎర్ర టీ షర్టు కూడా కొన్నాడు. నేను గమనించాను, ఏమీ అనలేదు.

జులై చివరి వారంలో ఒక రాత్రి ఏసీ ఆగిపోయింది. ఎండలో పనిచేసే మాకు జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు విరామం ఇవ్వాలని 2021లో రూలు వచ్చింది, అంతకు ముందు అది 11:30కి గానీ మొదలయ్యేది కాదు. రాత్రి ఒంటిగంటకు కిటికీల్లేని గదిలో ఏసీ ఆగితే ఎవరికి ఏ రూలు వర్తిస్తుందో ఎక్కడా రాయలేదు. పిట్టలు ముక్కులు తెరిచి, రెక్కలు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టి, గొంతు కింద చర్మం ఆడిస్తూ రొప్పుతున్నాయి. అన్న ఒక అట్టపెట్టె మూత తీసుకుని విసరడం మొదలుపెట్టాడు. భాయ్ తడి తువ్వాలు పంజరం మీద కప్పాడు. పొద్దున నాలుగున్నరకు బస్సు. నాలుగింటిదాకా గదిలో ఉన్న నలుగురం వంతులవారీగా విసిరాం. ఈ దేశంలో మాకు ఎవరైనా అలా విసిరిన రోజు నాకు గుర్తులేదు. పెద్దవాటిలో మూడు, పిల్లల్లో పద్నాలుగు పోయాయి. అన్న వాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి, నాతూర్ చూడకుండా చెత్తడబ్బాలో వేసి, ఆ చేతులతోనే డ్యూటీకి పోయాడు.

అప్పటికి వాసన గోడలు దాటింది. కౌజు రెట్టలో అమ్మోనియా ఘాటు కళ్ళలోకి ఎక్కుతుంది. విల్లా యజమాని మనిషి వచ్చాడు. కరెంటు బిల్లు అద్దెలోనే కలిపి ఇచ్చాడు గనక కహ్రమా బిల్లు చూసి ముందే అనుమానపడ్డాడట. పిట్టలా, గదా, ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. రెండు రోజులు గడువు.

అన్న అడ్వాన్సులు వాపసు ఇచ్చాడు, ఓవర్‌టైమ్ లేని జీతంలోంచి. పెంచినవి తిరిగి కొంటానన్న గురువు నంబరుకు ఫోన్ చేస్తే "బై బ్యాక్ ఇండియాలోనే అన్నా, గల్ఫ్‌కు వర్తించదు" అని వచ్చింది. చివరికి భాయ్‌కి తెలిసిన కడప డ్రైవరొకడు, డేగలున్న పెద్ద ఇంట్లో పనిచేసేవాడు, శుక్రవారం ల్యాండ్ క్రూయిజర్‌లో వచ్చాడు. మిగిలిన పెద్దవి ఎనిమిది, పిల్లలు తొమ్మిది, అన్నీ కలిపి ఒకే రేటు. పెట్టెలో వేసుకుంటూ, "మా డేగకు ఈకలు మార్చే కాలం అన్నా, ఏసీ గదిలో ఉంది, మంచి తిండి పెట్టాల" అన్నాడు. అన్న ఆ డబ్బు లెక్కపెట్టి నా చేతికిచ్చి పుస్తకంలో రాయమన్నాడు. రాశాను. పంజరం, బల్బులు, థర్మోస్టాట్, మేత, గోళీలు, ఎర్ర టీ షర్టు పోగా ఎంత నష్టమో మనిషికి ఇంతని పంచాను. అన్న తన వాటా కాక నా వాటా కూడా కట్టాడు, నేను వద్దన్నా వినలేదు.

పంజరం ఇప్పటికీ ఉంది. గాలి బాగా ఆడుతుంది గనక అందులో ఉల్లిపాయలు పోస్తున్నాం, కింది అరలో కందిపప్పు. ఇంక్యుబేటర్ మాత్రం అమ్మకానికుంది, పనిచేస్తుంది. కావలసినవాళ్ళు శుక్రవారం నమాజు అయ్యాక రండి. గేటు దగ్గర నాతూర్ అడిగితే ఐస్‌బాక్సు కోసం వచ్చామని చెప్పండి.